బరువు చూడని పెట్టె

పెట్టెలమ్మకి మనుషుల మీద గౌరవం తక్కువ. పోయినవాళ్ల మీద కాస్త ఉండేది, వాళ్లు ఇక మాట్లాడరు కాబట్టి. బతికున్నవాళ్లలో పదిహేనుకీ ఇరవైకీ మధ్య వయసువాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. అందులోనూ సంఘంలోనే పుట్టి పెరిగి, ఆదివారం ముందు వరుసలో నిలబడి, చేతులెత్తి కళ్లు మూసుకుని పాడి, పాట అయ్యాక తాము కూర్చున్న కుర్చీ కూడా తీసి మూలన పెట్టకుండా వెళ్లిపోయే పిల్లలంటే మరీ మంట.

ఆమె చేసేది శవపేటికలు. చర్చి వెనక సందులో, టింబర్ డిపో గోడకు ఆనుకుని రేకుల షెడ్డు. ముందు భాగంలో పని బెంచీ, గోడకు వరుసగా రంపాలు, ఉలులు. వెనక భాగంలో కుట్టు మిషను, తెల్లగుడ్డ తానులు. పెళ్లై వచ్చిన కొత్తలో మిషను దగ్గరే కూర్చునేది. పెట్టె లోపల అస్తరు కుట్టడం ఆమె వంతు, చెక్కపని భర్త వంతు. ఆయన పోయాక రెండూ ఆమెవే అయ్యాయి. ఏడో తరగతితో ఆగిపోయిన చదువు. "ఆడమనిషి చేసిన పెట్టె ఎవరు తీసుకుంటారమ్మా?" అని మూతి విరిచినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ముగ్గురు ఇప్పటికే ఆమె చేసిన పెట్టెల్లో పడుకున్నారు. ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పెట్టె పూర్తయ్యాక, పోయిన మనిషి ఎంత బరువుంటారో అంత బరువుకి ఇసుక బస్తాలు అందులో పెట్టి, నలుగురు పిడులు పట్టుకుని ఎత్తి, పెరట్లో ఈ చివరనుంచి ఆ చివరకి పన్నెండు అడుగులు నడవాలి. దీన్ని బరువు చూడటం అంటారు. బరువు చూశాకే గోడకున్న పలక మీద సుద్దతో ఆ సంగతి రాసి, కింద సంతకం పెట్టాలి. సంతకం లేని పెట్టె గడప దాటదు. ఆమె పెళ్లైన ఏడాదే, భర్త చేసిన ఒక పెట్టె పిడి సమాధుల తోట దగ్గర వాలులో ఊడిపోయింది. పెట్టె ఒరిగి, మూత జారి, చూడకూడనిది వందమంది చూశారు. ఆయన మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు లేచి ఇసుక తెప్పించాడు. అప్పటినుంచి ఏ పెట్టే బరువు చూడకుండా వెళ్లలేదు. చిన్నపిల్లల పెట్టెలు కూడా.

ఇలా ఉండగా సంఘంలో యవ్వనుల మాసం వచ్చింది. వచ్చిందంటే, మైకన్న తెచ్చాడు. మైకన్న యవ్వనుల నాయకుడు. ముప్పై రెండేళ్లుంటాయి, ఒళ్లు తొంభై కిలోలకు పైమాట, చేతిలో మైకు లేకపోతే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. పిల్లలకి పసుపు బనీన్లు కుట్టించాడు. చర్చి గేటుకి పెద్ద బ్యానరు కట్టించాడు. దాని మీద ఒక పక్క "బాధ్యత", ఇంకో పక్క "శ్రేష్ఠత". శ్రేష్ఠత వైపు తాడు మొదటి వారంలోనే తెగింది. ఆ మాట నెలంతా గేటు మీద తలకిందులుగా వేలాడుతూ, గాలి వీచినప్పుడల్లా వచ్చీపోయేవాళ్ల మొహాన కొడుతూ ఉంది. పసుపు బనీన్లు దాని కిందనుంచే తల వంచుకుని లోపలికి వెళ్లేవి. ఒక్క చెయ్యి పైకి లేచి ఆ తాడు కట్టలేదు. లోపలికి వెళ్లాక మాత్రం ఇరవై చేతులూ పైకి లేచేవి.

ఒకరోజు మైకన్న షెడ్డుకి వచ్చాడు.

"వందనాలు అత్తమ్మా! ఈ నెలంతా మన పిల్లలు ఒక్కొక్క పనివాళ్ల దగ్గర నాలుగేసి శనివారాలు సేవ చేస్తారు. మీకిద్దరిని ఇస్తున్నాం."

"నాకు సేవ ఎందుకయ్యా? మంచాన పడ్డానా?"

"అది కాదు అత్తమ్మా, పిల్లలు బాధ్యత నేర్చుకోవాలి కదా. తగ్గింపు నేర్చుకోవాలి. శ్రేష్ఠత అంటే ఏంటో..."

"మీ బ్యానరు తలకిందులైంది, చూశావా?"

"చూశానత్తమ్మా. ఎవరికో చెప్పాలి."

పెట్టెలమ్మ ఉలి నూరుతూ తలెత్తలేదు. "మన ప్రభువు ముప్పై ఏళ్లు వడ్రంగి కొట్లో ఉన్నాడు. నలుగురి ముందూ నోరు విప్పింది మూడేళ్లే. నువ్వేంటయ్యా, మొదటి ముప్పై ఏళ్లూ ఎగ్గొట్టి నేరుగా మైకు దగ్గరికి వచ్చేశావు?"

మైకన్న గట్టిగా నవ్వి, "ఎంత బాగా చెప్పారు! ఆదివారం ఇదే చెప్తాను" అన్నాడు. చెప్పాడు కూడా. ఎవరి మాటో చెప్పలేదు.

వచ్చిన ఇద్దరిలో ఒకడు అయ్యగారబ్బాయి. పాస్టరు గారికి ఒక్కడే కొడుకు, పదిహేడేళ్లు. గొంతు మంచిది, గిటారు వాయిస్తాడు, ప్రార్థన చేస్తే ముసలమ్మలు ముక్కు చీదుకుంటారు. ఇంత మంచివాడు కనుక ఎవరూ వాడిని ఏ పనీ అడగరు. రెండోది వీడియోల పిల్ల. మందుల షాపాయన కూతురు, పదహారేళ్లు. కాకి వాలినా ఫోను తీస్తుంది.

మొదటి శనివారం అయ్యగారబ్బాయి చెక్క కొలిచాడు. టేపు కొక్కెం చివరన తగిలించకుండా అరంగుళం బయటికి వదిలి కొలిచాడు. చెక్క పొట్టిదైంది. "పర్లేదులే ఆంటీ, లోపలెవరు చూస్తారు" అన్నాడు. రెండో శనివారం గరుకు కాగితం రుద్దమంటే, పైన రుద్ది కింద వదిలేశాడు. అడిగితే అదే జవాబు. మూడో శనివారం పాటల ప్రాక్టీసని పది గంటలకే వెళ్లిపోయాడు.

పిల్ల మాత్రం కదిలేది కాదు. ఆమె చేతుల వంకే చూస్తూ కూర్చునేది. టింబర్ డిపో గుమస్తా ఒకరోజు, "ఆ పిల్ల శ్రద్ధగా చూస్తోందమ్మా" అన్నాడు.

"పిల్లి కూడా చూస్తుంది," అంది పెట్టెలమ్మ, "చేపలు తోముతున్నంత సేపూ."

నాలుగో శనివారానికి ముందురోజు మధ్యాహ్నం టీచరమ్మ పోయింది.

టీచరమ్మ అంటే సండేస్కూలు టీచరమ్మ. మూడు తరాల పిల్లల చెవులు మెలేసిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలితో కలిసి చర్చికి నాలుగు వీధుల అవతల, రెండో అంతస్తులో ఉండేది. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. భర్త పోయిన కొత్తలో పెట్టెలమ్మ టేపు పట్టుకుని అరలూ ముప్పావులూ తెలియక ఏడుస్తుంటే, సాయంత్రం పూట వచ్చి బెంచీ మీద కూర్చుని, చెక్క పేళ్ల మీద సుద్దతో భిన్నాలు నేర్పింది టీచరమ్మే. తప్పు చెప్తే తల మీద మొట్టేది. ముప్పై అయిదేళ్ల ముండమోసిన మనిషని చూసేది కాదు.

రెండేళ్ల కిందట తనే షెడ్డుకి వచ్చి, చేతులు కట్టుకుని నిటారుగా నిలబడింది.

"కొలత తీసుకోవే."

"అదేం మాటండీ, పొద్దున్నే!"

"పోయాక నువ్వు టేపు పెడితే నాకు చక్కిలిగింతలు. నవ్వానంటే అందరూ జడుసుకుంటారు. తీసుకో. బరువు తొంభై ఆరు, డాక్టరు దగ్గర చూపించుకొచ్చాను. ఒక కిలో తగ్గించి రాసుకున్నావో, చూడు."

పెట్టెలమ్మ నవ్వుతూ కొలిచింది. వెళ్తూ వెళ్తూ టీచరమ్మ గుమ్మంలో ఆగింది. అప్పుడు మాత్రం నవ్వలేదు.

"మా మెట్లు చూశావుగా. సన్నం. రెండు మలుపులు. నన్ను అక్కడ జారవిడవకండే. బతికినన్నాళ్లూ నా ఒంటిని చూసి నవ్వారు, నేనూ కలిసి నవ్వాను. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వకూడదు."

"జారవిడవనండీ," అంది పెట్టెలమ్మ. ఆమె జీవితంలో ఎవరికైనా ఇచ్చిన మాటలు నాలుగైదుకి మించవు. ఇది ఒకటి.

అందుకని ఆ శుక్రవారం మధ్యాహ్నమే పని మొదలుపెట్టింది. పొద్దు పోయేలోపు పెట్టె నిలబడింది, అస్తరు కూడా కుట్టేసింది. సాయంత్రం వాన పడితే పెరట్లోని ఇసుక బస్తాల మీద టార్పాలిను కప్పి తాడు కట్టింది. మిగిలినవి ఆరు పిడులు, బరువు. అవి పొద్దున చూసుకోవచ్చు.

పొద్దున్నే టీచరమ్మ చెల్లెలు కబురు పంపింది. అక్కకి స్నానం చేయించి బట్టలు మార్చాలి, నువ్వొస్తే తప్ప నా చేతకాదు అని. పెట్టెలమ్మ పిల్లలిద్దరినీ పిలిచింది.

"ఇవిగో పిడులు. ఒక్కోదానికి నాలుగు స్క్రూలు. ఈ పొడుగు డబ్బాలోవే పెట్టాలి. ముందు డ్రిల్లుతో బెజ్జం చేసుకోండి. స్క్రూ పక్క చెక్క దాటి, లోపలున్న దిమ్మలోకి దిగాలి. చెయ్యి నొప్పి పుడుతుంది, పుట్టనివ్వండి. తర్వాత డిపోలో ఇద్దరు హమాలీల్ని పిలిచి, తొంభై ఆరు కిలోలు పెట్టి బరువు చూడండి. చూసి, రాయండి. విన్నారా?"

"విన్నామాంటీ," అన్నాడు అయ్యగారబ్బాయి. వినడం వాడికి బాగా అలవాటు. చిన్నప్పటినుంచీ వారానికి రెండు ప్రసంగాలు వింటున్నాడు.

ఆమె వెళ్లింది. మరో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి టీచరమ్మకి స్నానం చేయించి, తెల్ల చీర కట్టి, తల దువ్వి, జడ వేసింది. పని పూర్తయ్యేసరికి పదకొండున్నర. ఊరేగింపు మూడింటికి. పెట్టెని దగ్గరుండి పంపిద్దామని తిరిగి షెడ్డుకి వచ్చింది. షెడ్డు ఖాళీ. వ్యాను అప్పుడే వెనక రోడ్డునుంచి వెళ్లిపోయిందని డిపో గుమస్తా చెప్పాడు.

పలక మీద "బరువు చూశాం" అని పెద్ద అక్షరాలతో ఉంది. కింద అయ్యగారబ్బాయి సంతకం. తోకా, చుట్టా, రెండు గీతలు, మూడు చుక్కలు. దేశాధ్యక్షుడికి కూడా అంత సంతకం ఉండదు.

పెట్టెలమ్మ పెరట్లోకి వెళ్లింది. టార్పాలిను ఆమె కట్టినట్టే ఉంది. మడతలో నిన్నటి వాననీళ్లు గిన్నెడు నిలిచి ఉన్నాయి. ఒక పిచ్చుక అంచు మీద వాలి నీళ్లు తాగుతోంది.

ఆమె వెనక్కి వచ్చి బెంచీ మీద చూసింది. పొడుగు స్క్రూల డబ్బా మూత తీసి ఉంది, స్క్రూలన్నీ అలాగే ఉన్నాయి. పొట్టి స్క్రూల డబ్బా ఖాళీ. పొట్టివి మూత మీద సిలువ బిగించడానికి వాడతారు. వేలి గోరంత లోతు దిగుతాయి. వాటికి డ్రిల్లు అక్కర్లేదు, చెయ్యి నొప్పీ ఉండదు. పైకి మాత్రం రెండు రకాలకీ ఒకే ఇత్తడి తల. బిగించాక ఏది ఏదో కన్నతల్లి కూడా చెప్పలేదు.

ఆమెకి కోపం రాలేదు. కోపానికి కొంచెం గౌరవం కావాలి. "థూ," అని ఉమ్మి, పొడుగు స్క్రూల డబ్బా, డ్రిల్లు, స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి నడిచింది.

టీచరమ్మ ఇంటి కింద, వీధిలో షామియానా. కుర్చీల్లో జనం. పక్కన పసుపు బనీన్లు నిలబడి పాట ప్రాక్టీసు చేస్తున్నాయి. అయ్యగారబ్బాయి గిటారు మెళ్లో వేసుకుని, "ఇక్కడ కొంచెం ఏడుపు గొంతు రావాలి" అని ఎవరికో నేర్పుతున్నాడు. పిల్ల ఫోను పట్టుకుని నిలబడింది.

"బరువు చూశారా?" అంది పెట్టెలమ్మ.

"చూశామాంటీ. పలక మీద రాశాం కదా."

"టార్పాలిను మీద నీళ్లు ఒలకకుండా బస్తాలు ఎలా తీశారు నాయనా? ప్రార్థన చేసి తీశారా?"

వాడి మొహం ఎర్రబడింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆంటీ, టైము లేదు. పాట రెడీ చెయ్యాలి కదా, టీచరమ్మ కోసమే. పెట్టె గట్టిగానే ఉంది. అయినా... మట్టిలోకి పోయేదే కదా."

"నువ్వూ మట్టిలోకి పోయేవాడివే. మరి మీ అమ్మ నీకు రోజూ స్నానం ఎందుకు చేయించిందిరా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ గొడవ విని మైకన్న చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. సంగతి విని రెండు చేతులూ జోడించాడు.

"అత్తమ్మా, మెల్లిగా. పైన బంధువులున్నారు. ఆమెని అప్పుడే పెట్టెలో పెట్టేశారు. మన పిల్లలకి, సంఘానికి చెడ్డపేరు. ఒక పని చేద్దాం. మోసేవాళ్లకి చెప్పి, పిడులు పట్టుకోకుండా కిందనుంచి చేతులు వేసి దించేద్దాం. ఎవరికీ తెలియదు."

"ఆ మెట్లమీద పిడులు పట్టినవాళ్లకే చోటు చాలదు. మలుపులో పెట్టె నిలువుకి లేస్తుంది. బరువంతా కాళ్లవైపు రెండు పిడుల మీదే పడుతుంది. కిందనుంచి చెయ్యి వేసేది ఎవరు? నువ్వా?"

మైకన్న మెట్ల వంక చూసి ఒకడుగు వెనక్కి వేశాడు.

"పైకెళ్లి ఆ చెల్లెలికి చెప్పాలి," అంది పెట్టెలమ్మ. "ఆమెని బయటికి తీసి, పిడులు విప్పి, మళ్లీ బిగించాలి. చెప్పేది నేను కాదు. సంతకం పెట్టినవాడు చెప్పాలి."

అందరూ అయ్యగారబ్బాయి వైపు చూశారు. వాడు గిటారు తీగ ఒకటి మీటి, అది శ్రుతిలో లేనట్టు మొహం పెట్టి, మర బిగించడం మొదలుపెట్టాడు. గిటారు మర బిగించడానికి వాడికి ఎప్పుడూ టైము ఉంటుంది. తర్వాత, "నాన్నగారికి ఫోన్ చేస్తాను" అని షామియానా అవతలికి వెళ్లాడు. అటునుంచి అటే పోయాడు.

"స్క్రూలు నేను బిగించాను," అంది పిల్ల.

గొంతు కీచుగా వచ్చింది. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"పొడుగువి దిగట్లేదు. తను పొట్టివి పెట్టెయ్, అన్నీ ఒకటే అన్నాడు. ఒకటి కాదని నాకు తెలుసు. మీరు దిమ్మలోకి దించడం మూడు వారాలు చూశాను. తెలిసే పెట్టాను."

పెట్టెలమ్మ ఆ మాటకి కరిగిపోలేదు. "తెలియనివాడి కంటే తెలిసి చేసినదానివి నువ్వే ఎక్కువ దొంగవి" అంది. "పద."

రెండో అంతస్తులో, ముందు గదిలో, బల్లల మీద పెట్టె ఉంది. అయ్యగారు గోడవార కుర్చీలో కూర్చుని ఉన్నారు. టీచరమ్మ చెల్లెలు తల దగ్గర నిలబడి చీర కొంగు సర్దుతోంది. పిల్ల ఆమె ముందుకి వెళ్లి నిలబడింది. అయ్యగారు, "ఏమ్మా, ప్రార్థన చేయించమంటావా?" అన్నారు.

"కాదండీ," అంది పిల్ల. ఆ తర్వాత అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. పొట్టి స్క్రూలు, టార్పాలిను, పలక మీది అబద్ధం. "బరువు చూడలేదండీ. మెట్ల మీద ఊడిపోతుంది. పొద్దున నాకు చెయ్యి నొప్పేసిందని పెట్టాను. ఆమెని బయటికి తీస్తే మళ్లీ బిగిస్తాను."

అయ్యగారు ఆ సంతకం ఎవరిదని అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది.

టీచరమ్మ చెల్లెలు పిల్ల మొహంలోకి చూసింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. "బిగించడానికి ఎంతసేపు?"

"గంట," అంది పెట్టెలమ్మ. "ఈ పిల్ల చేతుల్లో గంటన్నర."

"ఈ పిల్లే చెయ్యాలా?"

"ఇదే చెయ్యాలి."

"అయితే కానివ్వండి. మా అక్క ఎవరి కోసమైనా ఆగేది, తప్పు దిద్దుకుంటామంటే."

ఆరుగురు ఆడవాళ్లు కలిసి దుప్పటి అంచులు పట్టుకుని టీచరమ్మని ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. బాల్కనీలోకి లాగిన పెట్టె పక్కన పిల్ల మోకాళ్ల మీద కూర్చుంది. ఇరవై నాలుగు పొట్టి స్క్రూలూ పది నిమిషాల్లో వచ్చేశాయి. రెండు పిడులు వేళ్లతో లాగితేనే ఊడివచ్చాయి. ఆ సంగతి గదిలో అందరూ చూశారు. పెట్టెలమ్మ చూడమనే అన్నట్టు పక్కకి తప్పుకుని నిలబడింది.

తర్వాత డ్రిల్లు. తర్వాత పొడుగు స్క్రూలు. ఎనిమిదో స్క్రూకి పిల్ల అరచెయ్యి బొబ్బ కట్టింది. పన్నెండోదానికి బొబ్బ చిట్లింది. పదిహేనో స్క్రూ వంకరగా దిగింది. పెట్టెలమ్మ వంగి, స్క్రూ తల మీద వేలు పెట్టి చూసి, "తియ్యి" అంది. పిల్ల తీసి, మళ్లీ పెట్టింది. ఎవరో ముసలాయన, "పాపం, చిన్నపిల్ల కదమ్మా, ఆ మిగిలినవి నువ్వు కానివ్వు" అన్నాడు.

"పదహారేళ్ల పిల్ల చిన్నపిల్ల కాదండీ. వీళ్లని చిన్నపిల్లలంటున్నారే, అందుకే ఇలా తయారయ్యారు. నాకు పదహారుకి కడుపులో బిడ్డ, చేతిలో సూది. మీకు పదహారుకి ఏముందో చెప్పండి."

ముసలాయన దగ్గుకుంటూ గదిలోకి వెళ్లాడు. మైకన్న వెనకాల నిలబడి, "ఇది మన పిల్లలందరికీ గొప్ప పాఠం" అని మొదలుపెట్టాడు. ఎవరూ వినలేదు. మైకు లేకపోతే ఆయన మాట రెండడుగుల దూరం కూడా రాదు.

ఇరవై నాలుగోది బిగిసేసరికి రెండు దాటింది. పిల్ల స్క్రూడ్రైవరు కింద పెట్టి, "బరువు చూడాలి కదండీ" అంది.

"చూడాలి."

"ఇక్కడ ఇసుక లేదు."

పెట్టెలమ్మ తల తిప్పి బాల్కనీలో ఉన్నవాళ్లందరినీ ఒక్కొక్కరినే, చెక్క ఏరుకుంటున్నట్టు, పైనుంచి కిందికి చూసింది. చూపు మైకన్న దగ్గర ఆగింది.

"బూట్లు విప్పు నాయనా."

"నేనా?"

"తొంభై కిలోలు నువ్వు తప్ప ఇంకెవరున్నారు? మిగిలిన ఆరు కిలోలకి డ్రిల్లు, సంచీ పొట్ట మీద పెడతాను. పడుకో."

"అత్తమ్మా, నేను బతికున్నాను!"

"అందుకే అడుగుతున్నాను. పోయినవాళ్లని అడిగితే వినిపించుకోరు."

మైకన్న అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు కిటికీ బయటకి చూశారు. టీచరమ్మ చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందని అందరూ అనుకున్నారు. "పడుకోండి సార్," అంది చివరికి, గొంతులో నవ్వు ఆపుకోలేక. "మా అక్క ఇది చూడకుండా పోయింది, అదొక్కటే బాధ."

మైకన్న పడుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని, తువ్వాలు మొహాన వేసుకుని, చేతులు గుండెల మీద పెట్టుకున్నాడు. పెట్టెలమ్మ ఆ తువ్వాలు తీసేసి సంచీ పొట్ట మీద పెట్టింది. మోసేవాళ్లు పిడులు పట్టారు. కాళ్లవైపు కుడి పిడి దగ్గరికి పిల్ల వచ్చి నిలబడింది.

"నువ్వెందుకు?" అన్నాడు ఒకాయన.

"ఊడితే నా కాలిమీదే పడాలి కదండీ."

ఆయన పక్కకి జరిగాడు. పెట్టె లేచింది. బాల్కనీ దాటి, గుమ్మం దాటి, మెట్లు దిగింది. మొదటి మలుపులో నిలువుకి లేచింది. లోపలనుంచి, "ప్రభువా, ప్రభువా" అని వినిపించింది. మైకన్న అంత మనసుపెట్టి ప్రార్థించడం సంఘంలో అంతవరకు ఎవరూ వినలేదు. చెక్క మూలిగింది. పిడులు మూలగలేదు. రెండో మలుపు దాకా దించి, మళ్లీ పైకి తెచ్చి, బల్లల మీద పెట్టారు. పెట్టెలమ్మ ఇరవై నాలుగు స్క్రూల తలలూ వేలితో తడిమి చూసింది. ఒక్కటీ కదల్లేదు.

మైకన్న లేచి కూర్చుని, చొక్కా సర్దుకుని, "ఇదొక అనుభవం" అన్నాడు. ఆ అనుభవం మరుసటి ఆదివారం అరగంట చెప్పాడు. అందులో పిల్ల లేదు.

మూడుంపావుకి టీచరమ్మ తన ఇంటి మెట్లు దిగింది. మోసిన ఆరుగురిలో కాళ్లవైపు కుడిపక్క పిల్ల. అరచేతికి ఎవరిదో చేతిరుమాలు చుట్టి ఉంది. మొదటి మలుపులో పెట్టె వాలినప్పుడు మెట్ల కింద నిలబడినవాళ్లంతా ఊపిరి బిగబట్టారు. ఎవరూ నవ్వలేదు. రెండో మలుపు దాటింది. వీధిలోకి వచ్చింది.

సమాధుల తోటలో పాట మొదలైంది. అయ్యగారబ్బాయి ఎక్కడినుంచో వచ్చి ముందు నిలబడి పాడాడు. బాగా పాడాడు. ముసలమ్మలు ముక్కులు చీదారు. పెట్టెలమ్మ అటు చూడలేదు. గొంతు వాడికి ఉచితంగా వచ్చింది, పుట్టినప్పుడే. తనంతట తను సంపాదించుకున్నది వాడి దగ్గర ఇంకా ఏమీ లేదు. పాట అయ్యాక వాడు ఆమె పక్కనుంచి తల వంచుకుని వెళ్తుంటే, "సోమవారం సాయంత్రం రా" అంది. "ఇసుక బస్తాలు ఎండలో వెయ్యాలి. రాకపోతే మీ నాన్న దగ్గరికి నేను వస్తాను. పలక తీసుకుని వస్తాను."

వాడు తల ఊపాడు. వస్తాడో రాడో ఆమె పందెం కాయదలుచుకోలేదు.

మట్టి వేయడం అయిపోయాక టీచరమ్మ చెల్లెలు వచ్చి పెట్టెలమ్మ చెయ్యి పట్టుకుంది.

"జారనివ్వలేదు," అంది.

"జారనివ్వలేదండీ."

"ఆ పిల్ల ఎంత బాగా చేసిందో!"

పిల్ల పక్కనే నిలబడి వింటోంది. పెట్టెలమ్మ ఆ సంగతి చూసింది. చూసే, గొంతు తగ్గించకుండా అంది:

"పొద్దున ఇరవై నాలుగు తప్పుగా బిగించింది. మధ్యాహ్నం ఇరవై నాలుగు సరిగ్గా బిగించింది. ఒకదానికొకటి చెల్లు. బాగా చెయ్యడం ఇంకా మొదలవ్వలేదు."

పిల్ల అరచేతి రుమాలు ముడి బిగించుకుంది.

"సేవ శనివారాలు ఇవాళ్టితో అయిపోయాయండీ," అంది.

"అయితే?"

"వచ్చే శనివారం కూడా వస్తాను. ఎన్నింటికి రమ్మంటారు?"

"ఏడింటికి. ఫోను ఇంట్లో పెట్టి రా."

"ఏడుంపావుకి బస్సండీ..."

"ఏడింటికి," అంది పెట్టెలమ్మ, చెప్పుల్లేని కాళ్ల మట్టి దులుపుకుంటూ. "ముందు బస్సు ఆరున్నరకి ఉంది."